డైలాగ్ వినబడదని వాల్యూమ్ పెంచితే చెవికి పడే లెక్క

కొత్త ఫ్లాట్‌లో గృహప్రవేశం అయిపోయాక హాల్లో హోం థియేటర్ పెట్టించుకోవడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలైంది. బిగించడానికి వచ్చిన అబ్బాయి వెళ్లేముందు ఒక ఫైట్ సీన్ పెట్టి చూపిస్తాడు. సోఫా అదురుతుంది, ఇంటిల్లిపాదీ సంబరపడతారు. అసలు ఇబ్బంది ఆ రాత్రి సినిమా పెట్టుకున్నాక మొదలవుతుంది. హీరో తల్లితో మెల్లగా ఏదో అంటాడు, ఒక్క ముక్క అర్థం కాదు. వాల్యూమ్ పెంచుతారు. రెండు నిమిషాల్లో తెరమీద కారు పేలుతుంది, పక్కగదిలో పడుకున్న పాప ఉలిక్కిపడి లేస్తుంది. వాల్యూమ్ తగ్గిస్తారు. మళ్లీ మాటలు వినబడవు. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోంచి దిగదు.

నేను చూసినంతలో, శబ్దం మీద మోజుతో వాల్యూమ్ పెంచేవాళ్లకన్నా మాట వినబడక పెంచేవాళ్లే ఎక్కువ. కానీ ఎందుకు పెంచారన్నది చెవికి అక్కర్లేదు. ఎంత శబ్దం, ఎంతసేపు అన్నదే దానికి తెలుసు. ఈ లెక్క అర్థమైతే హోం థియేటర్‌కి భయపడాల్సిన పనిలేదని తెలుస్తుంది, ఎక్కడ జాగ్రత్తపడాలో కూడా తెలుస్తుంది.

డెసిబెల్ మామూలు కూడికలకు లొంగదు

శబ్దాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. ఇది కిలోమీటరు, కిలో లాంటి కొలత కాదు. మూడు డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. పది పెరిగితే పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. మన చెవికి మాత్రం అంత తేడా తోచదు. పది డెసిబెళ్లు పెరిగితే, అంటే శక్తి పదింతలైతే, శబ్దం సుమారు రెట్టింపైనట్టు మాత్రమే అనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. లోపల పడే భారం పదింతలు, మనకు తెలిసేది రెండింతలు.

దుకాణంలో చెప్పే వాట్స్ లెక్క కూడా దీంతోనే విడిపోతుంది. ఒక స్పీకర్‌కి ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెళ్లు వస్తుందనుకుందాం. ఇళ్లలో వాడే స్పీకర్లకు ఇది మామూలు అంకె. పది వాట్స్ ఇస్తే 98, వంద ఇస్తే 108. వంద వాట్స్ సెట్ బదులు రెండొందల వాట్స్ సెట్ కొన్నా పెరిగేది మూడు డెసిబెళ్లే. మరోవైపు, ఒక్క వాట్‌తోనే అంత శబ్దం వస్తోందంటే, చెవికి హాని చేయడానికి ఖరీదైన పెద్ద సెట్టే ఉండాలని లేదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. నాసిరకం సెట్‌లో వాల్యూమ్ పెంచితే శబ్దం పగిలిపోతుంది, చెవికి చిరాకేసి మనమే తగ్గిస్తాం. మంచి సెట్ పగలదు. 95 డెసిబెళ్ల దగ్గర కూడా హాయిగా, శుభ్రంగా వినిపిస్తుంది. చిరాకు అనే హెచ్చరిక అక్కడ ఉండదు. కాబట్టి బాగా ఖర్చుపెట్టి మంచి సెట్ కొన్నవాళ్లే ఈ విషయంలో ఎక్కువ మెలకువగా ఉండాలి.

చెవి లోపల ఏం జరుగుతుంది

కర్ణభేరి వెనక, నత్తగుల్ల ఆకారంలో కోక్లియా అనే చిన్న భాగం ఉంటుంది. ఒక్కో చెవిలోని కోక్లియాలో పుట్టుకతో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. శబ్దపు కదలికను నరానికి అందే సంకేతంగా మార్చేవి అవే. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుకుతుంది. మనిషిలో ఈ రోమకణాలు చనిపోతే మాత్రం మళ్లీ పుట్టవు.

పెద్ద శబ్దం నుంచి కాపాడుకోవడానికి చెవికి సొంత ఏర్పాటు ఒకటుంది. మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని లోపలికి వెళ్లే శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది. కానీ అది పూర్తిగా పనిలోకి దిగడానికి సెకనులో పదోవంతు దాకా పట్టొచ్చు. తుపాకీ మోత, పేలుడు లాంటివి ఆలోపే లోపలికి చేరిపోతాయి.

సినిమా అయ్యాక చెవులు దిమ్మెక్కినట్టు ఉండటం, గుయ్‌మని హోరు వినిపించడం చాలామందికి అనుభవమే. దీన్ని తాత్కాలిక వినికిడి లోపం అంటారు. సాధారణంగా కొన్ని గంటల్లో, లేదా ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. సర్దుకుంది కాబట్టి నష్టమేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలపై చేసిన పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. వినికిడి పూర్తిగా మామూలుకి వచ్చిన ఎలుకల్లో కూడా రోమకణాలకూ నరానికీ మధ్య ఉండే సంధులు కొన్నిచోట్ల సగం దాకా శాశ్వతంగా పోయాయి. మనుషుల్లో కూడా ఇంతే జరుగుతుందా అన్న దానిపై శాస్త్రవేత్తల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు. కొన్ని అధ్యయనాలు అవునన్నాయి, కొన్నింటిలో ఆ ఆనవాళ్లు దొరకలేదు. తేలేదాకా చెవిలో హోరును ఒక హెచ్చరికగా తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం మామూలుగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నని కీచు శబ్దాల దగ్గర మొదలవుతుంది. స, ష, త, క లాంటి హల్లుల స్పష్టత చాలావరకు ఇలాంటి సన్నని శబ్దాల మీదే ఆధారపడుతుంది. అందుకే వినికిడి తగ్గినవాళ్లు "వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. వాళ్లు డైలాగ్ కోసం ఇంకాస్త వాల్యూమ్ పెంచుతారు. పెంచితే ఉన్న వినికిడి మీద ఇంకాస్త భారం పడుతుంది.

85, 90, 80: ఇన్ని పరిమితులు ఎందుకు

"85 డెసిబెళ్లు దాటితే ప్రమాదం" అనే మాట అందరూ వినే ఉంటారు. అది అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యంపై పరిశోధన చేసే నియోష్ సంస్థ చెప్పిన అంకె. రోజుకు 8 గంటల చొప్పున ఉద్యోగ జీవితమంతా పనిచేసేవాళ్ల కోసం వేసిన లెక్క అది. మూడు డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా సమయం సగానికి తగ్గుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి 15 నిమిషాలు. అమెరికా చట్టపరమైన పరిమితి, మన దేశంలో ఫ్యాక్టరీలకు పాటించే పరిమితి 8 గంటలకు 90. అంటే ఇంకా సడలింపుగా ఉంటాయి. ఇవన్నీ పనిచేసే చోటు కోసం పెట్టినవి. కొంతమందికి కొంత నష్టం జరుగుతుందని తెలిసే పెట్టినవి.

వినోదం కోసం వినేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి వేరే లెక్క ఇచ్చాయి. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెళ్ల చొప్పున 40 గంటలు. పిల్లలకు 75 చొప్పున 40 గంటలు. నిజానికి ఇది ఫోన్లు, ఇయర్‌ఫోన్ల లాంటి పరికరాల కోసం చేసినది. అయినా చెవికి పడే మోతాదు ఎక్కడినుంచి వచ్చినా మోతాదే కాబట్టి ఇంట్లో సినిమాకు కూడా దీన్ని కొలబద్దగా తీసుకోవచ్చు. ఇక్కడ మోతాదు అంటే శబ్దాన్ని, సమయాన్ని కలిపి చూసే లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు గంటల నలభై నిమిషాల సినిమా. అందులో ఫైట్లు, పాటలు కలిపి 20 నిమిషాలు 95 డెసిబెళ్ల దగ్గర, మిగతా రెండు గంటల ఇరవై నిమిషాలు సగటున 75 దగ్గర నడిచిందనుకుందాం. 95 అంటే 80 కన్నా 15 ఎక్కువ. మూడేసి చొప్పున ఐదుసార్లు సగం చేస్తే 40 గంటలు గంటంపావుకు దిగుతుంది. అంటే 75 నిమిషాలు. అందులో 20 నిమిషాలు వాడాం కాబట్టి వారం కోటాలో సుమారు 27 శాతం అయిపోయింది. మిగతా రెండు గంటల ఇరవై నిమిషాలకు ఖర్చయింది రెండు శాతమే. సినిమా మొత్తం భారం ఆ ఇరవై నిమిషాల్లోనే ఉంది.

29 శాతమే కదా అనిపిస్తుంది. నిజమే, వారానికో సినిమాతో అయిపోతే ఇబ్బంది లేదు. కానీ అదే మనిషి రోజూ ఆఫీసుకు వెళ్లొస్తూ గంటసేపు ఇయర్‌ఫోన్లలో 86 డెసిబెళ్ల దగ్గర పాటలు వింటున్నాడనుకోండి. 86కి వారం కోటా 10 గంటలు. ఏడు రోజులకు ఏడు గంటలంటే 70 శాతం. రెండూ కలిపితే 99.

ఇప్పుడు అదే సోఫాలో పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల పాప లెక్క చూడండి. ఆమెకు 75 నుంచి మొదలుపెట్టాలి. 95 దగ్గర వారం మొత్తానికి ఉన్నది దాదాపు 24 నిమిషాలు. ఒక్క సినిమాలోని 20 నిమిషాల హోరుతో 85 శాతం, మిగతా సినిమాతో ఇంకో ఆరు శాతం. నాన్నకు 29 శాతమైన సినిమా కూతురికి 90 దాటింది.

రిసీవర్ మీద కనిపించే సున్నా

రిసీవర్ అంటే స్పీకర్లన్నిటికీ శబ్దం పంపే పెట్టె. చాలా రిసీవర్లలో వాల్యూమ్ మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. మైనస్ 30, మైనస్ 20 అంటూ పెరిగి సున్నా దగ్గరికి వస్తుంది. అన్నీ సరిగ్గా అమర్చి ఉంటే ఆ సున్నాకి ఒక కచ్చితమైన అర్థం ఉంది. సినిమాను మిక్సింగ్ చేసిన థియేటర్‌లో ఎంత శబ్దం ఉందో అంతే మీ సీటు దగ్గర వస్తుందని. దాన్నే రిఫరెన్స్ లెవెల్ అంటారు. ఆ స్థాయిలో ఒక్కో ప్రధాన స్పీకర్ నుంచి క్షణకాలపు గరిష్ఠం 105 డెసిబెళ్లు, సబ్‌వూఫర్‌కి వెళ్లే ప్రత్యేక బాస్ ఛానెల్ నుంచి 115 దాకా వెళ్లొచ్చు.

సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్లలో కొందరు సున్నా దగ్గరే చూడాలంటారు. దర్శకుడు, సౌండ్ ఇంజినీరు విన్నది అదే కదా అన్నది వాళ్ల వాదన. 105 అనేది క్షణంపాటు వచ్చే శిఖరమే తప్ప సినిమా సగటు కాదని కూడా అంటారు. అది నిజమే. సగటు దానికి చాలా కిందే ఉంటుంది.

రెండోవైపు వాదనకు కూడా బలముంది. ఆ స్థాయిని పెద్ద థియేటర్ కోసం నిర్ణయించారు. చిన్న గదిలో గోడలు దగ్గరగా ఉంటాయి, ప్రతిధ్వనులు వెంటనే వచ్చి మీదపడతాయి. అదే అంకె దగ్గర శబ్దం ఎక్కువగా తోస్తుంది. అమెరికాలో టీవీ ప్రసార ప్రమాణాలు రూపొందించే ఏటీఎస్‌సీ ఈ సంగతి గుర్తించి గది పరిమాణాన్ని బట్టి స్థాయి తగ్గించమంది. స్పీకర్లను సరిచూసే టెస్ట్ శబ్దం పెద్ద థియేటర్‌కి 85 అయితే, 1,500 నుంచి 5,000 ఘనపుటడుగుల లోపు గదికి 78. పన్నెండు అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న మన హాలు 1,800 ఘనపుటడుగులు. అంటే రిసీవర్ మీద మైనస్ 7 దగ్గరే ఈ గదికి తగిన థియేటర్ అనుభవం వస్తుంది. ఆ ఏడు డెసిబెళ్లతో చెవికి పడే శక్తి ఐదోవంతుకు తగ్గుతుంది. ఇది సర్దుబాటు అనుకోనక్కర్లేదు, ఆ గదికి సరైన స్థాయే అది.

డైలాగ్ ఎందుకు వినబడదు

అసలు విషయం ఇది. మాట తేలిగ్గా అర్థం కావాలంటే గదిలో అప్పటికే ఉన్న శబ్దం కన్నా అది దాదాపు 15 డెసిబెళ్లు పైన ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ ఐదు మీద తిరుగుతోంది, ఏసీ నడుస్తోంది, వంటింట్లో చిమ్నీ మోగుతోంది, కిటికీ బయట రోడ్డు. అన్నీ కలిపి 50 డెసిబెళ్లు అనుకుందాం. డైలాగ్ 65 దగ్గర ఉండాలి. ఓటీటీల్లో నెట్‌ఫ్లిక్స్ నిబంధన ప్రకారం డైలాగ్ సగటు మైనస్ 27, గరిష్ఠం మైనస్ 2. ఇది రికార్డింగ్ లోపలి కొలత, అందులో సున్నాయే పైహద్దు. అంటే మాటకూ పేలుడుకూ మధ్య 25 డెసిబెళ్ల దాకా తేడా ఉండొచ్చు. డైలాగ్‌ను 65కి తెస్తే పేలుడు 90కి చేరుతుంది.

ఇప్పుడు కిటికీ మూసి, చిమ్నీ ఆపి, ఫ్యాన్ రెండుకు తగ్గిస్తే గది శబ్దం 40కి దిగిందనుకోండి. డైలాగ్‌కి 55 చాలు. పేలుడు 80 దగ్గర ఆగుతుంది. సినిమా అదే, స్పీకర్లు అవే, మాట అంతే స్పష్టం. చెవికి పడే శక్తి మాత్రం పదోవంతు.

ఫ్యాన్ తర్వాత చూడాల్సింది గోడలు. మన ఇళ్లలో సిమెంటు ప్లాస్టరింగ్, కింద టైల్స్, పైన స్లాబు, ఒకవైపు అద్దాల కిటికీ. ఇవేవీ శబ్దాన్ని పీల్చుకోవు. 1895 ప్రాంతంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడికి ఇదే సమస్య ఎదురైంది. కొత్తగా కట్టిన హాల్లో పాఠం చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆయన రాత్రిపూట పక్క థియేటర్‌లోంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలు పెడితే ప్రతిధ్వని ఎంత తగ్గుతోందో స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. ఆ రాత్రుల కష్టంలోంచి పుట్టిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నారు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునే వైశాల్యంతో భాగించాలి.

పై హాలునే తీసుకుందాం. ఘనపరిమాణం సుమారు 51 ఘనపు మీటర్లు. గోడలు, నేల, స్లాబు కలిపి 84 చదరపు మీటర్లు. ఖాళీ గదిలో ఇవి శబ్దంలో మూడు శాతమే పీల్చుకుంటాయి అనుకుంటే, లెక్కకు వచ్చే వైశాల్యం రెండున్నర చదరపు మీటర్లు. ప్రతిధ్వని పూర్తిగా అణగడానికి మూడు సెకన్ల పైనే పడుతుంది. అంటే ఒక మాట అణిగేలోపు దాని మీద మరో ఆరేడు మాటలు పడుతున్నాయి. గుడ్డ సోఫా, మందపాటి తివాచీ, నిండుగా వేలాడే కర్టెన్లు, పుస్తకాల అలమర చేరాక ఆ వైశాల్యం 12కి పెరిగితే, సమయం సుమారు 0.7 సెకన్లకు పడిపోతుంది. వాల్యూమ్ ముట్టుకోకుండానే గదిలో కలగాపులగంగా తిరిగే శబ్దం ఆరేడు డెసిబెళ్లు తగ్గుతుంది. స్పీకర్ నుంచి నేరుగా చెవికి వచ్చే మాట మాత్రం తగ్గదు.

అందుకే హోం థియేటర్ బడ్జెట్‌లో తివాచీకీ కర్టెన్లకీ వాటా ఉండాలని గట్టిగా నమ్ముతాను. గోడకు అంటించే పలుచటి ఫోమ్ ముక్కల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అవి సన్నని శబ్దాలను కొంత పీల్చుకుంటాయి, బాస్‌ను ఏమీ చేయలేవు.

నైట్ మోడ్ మీద రెండు మాటలు

నైట్ మోడ్, డైనమిక్ రేంజ్ కంట్రోల్ అనే పేర్లతో ఉండే సదుపాయం చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది. మాటకూ పేలుడుకూ 25 ఉన్న తేడాను 12కో 15కో కుదిస్తుంది. డైలాగ్ 60 దగ్గర ఉంటే పేలుడు 75 దాటదు. దీంతో సినిమా చదునైపోతుంది, నిశ్శబ్దం తర్వాత వచ్చే ఉలికిపాటే ఉండదు అని సినీప్రియులు బాధపడతారు. ఆ బాధ న్యాయమైనదే. ఆ ఎత్తుపల్లాల కోసం సౌండ్ ఇంజినీర్లు నెలలు కష్టపడతారు. సెంటర్ స్పీకర్ ఒక్కదాన్నే రెండు మూడు డెసిబెళ్లు పెంచుకోవడం మధ్యేమార్గం. డైలాగ్‌లో ఎక్కువ భాగం వచ్చేది దాన్నుంచే కాబట్టి మిగతావి ముట్టుకోనక్కర్లేదు. పసిపిల్లలున్న ఇంట్లో, రాత్రివేళ, నేనైతే నైట్ మోడ్ వైపే మొగ్గుతాను.

రాత్రి అంటే చట్టం కూడా గుర్తొస్తుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెళ్లు. ఇంట్లోని సౌండ్ సిస్టమ్ వల్ల ఇంటి హద్దు దగ్గర అది 5కు మించి పెరగకూడదు. ఇది ఇరుగుపొరుగు కోసం. మీ చెవి సంగతి ఇందులో లేదు.

బాస్‌ను తక్కువ చూపించే మీటర్

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి కొలిచేవాళ్లు ఒకటి గమనించాలి. మీటర్లు మామూలుగా ఏ-వెయిటింగ్ అనే పద్ధతిలో కొలుస్తాయి. చెవికి తక్కువగా వినబడే లోతైన శబ్దాలను అది తగ్గించి లెక్కేస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెళ్లు, 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెళ్లు కోసేస్తుంది. సబ్‌వూఫర్ గుండెల్లో దడదడలాడిస్తున్నా మీటర్ నింపాదిగా 75 చూపించేది ఇందుకే. వినికిడి నష్టం అంచనాకు ఏ-వెయిటింగ్ వాడటంలో తర్కం ఉంది, లోతైన బాస్ అదే డెసిబెళ్ల మధ్యస్థాయి శబ్దమంత హాని చేయదు. అంతమాత్రాన హాని లేదని కాదు. బాస్‌ను కూడా చూడాలంటే సీ-వెయిటింగ్‌కి మార్చి కొలుస్తారు. పైగా చాలా ఫోన్ల మైకులు మాట కోసం చేసినవి, బాస్‌ను సరిగా అందుకోలేవు. యాప్ అంకెను ఉజ్జాయింపుగా మాత్రమే తీసుకోవాలి.

బిగించే రోజున

సినిమా మొదలవకముందే చెవికి దెబ్బ తగిలే సందర్భాలు ఆ ఒక్క రోజులోనే చాలా ఉంటాయి. కాంక్రీటు గోడకు, స్లాబుకు హ్యామర్ డ్రిల్‌తో రంధ్రాలు పెట్టేటప్పుడు మూసిన గదిలో శబ్దం 100 డెసిబెళ్ల దరిదాపుల్లో ఉంటుంది. నియోష్ లెక్కలో అది 15 నిమిషాల పని. సీలింగ్ స్పీకర్లతో కలిపి ఏడెనిమిది స్పీకర్లు బిగించే మనిషి రోజూ ఆ లెక్క దాటుతాడు. ఇయర్‌ప్లగ్స్ అందరికన్నా ఎక్కువ కావాల్సింది అతనికే, అతని చెవుల్లో అవి నేను ఎప్పుడూ చూడలేదు.

తర్వాత టెస్ట్ టోన్. రిసీవర్ ఒక్కో స్పీకర్ నుంచి జల్లు కురిసినట్టు శబ్దం చేస్తూ సీటు దగ్గర 75 డెసిబెళ్లకు సరిచూసుకుంటుంది. అక్కడ కూర్చుంటే ఏ ఇబ్బందీ లేదు. కానీ "ఈ స్పీకర్ పలుకుతోందా" అని చూడటానికి చాలామంది చెవిని ట్వీటర్‌కి, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్‌కి, ఆనించినంత దగ్గరగా పెడతారు. మూడు మీటర్ల నుంచి పది సెంటీమీటర్లకు వస్తే శబ్దం 25 డెసిబెళ్ల దాకా పెరిగి 100 దరిదాపులకు చేరొచ్చు. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా వైర్లు పీకి పెట్టినప్పుడు వచ్చే ఠప్‌మనే శబ్దం అదే క్షణంలో తగిలితే ఇక చెప్పక్కర్లేదు.

దూరం లెక్క పిల్లల విషయంలో మళ్లీ గుర్తుకు రావాలి. పెద్దవాళ్లు మూడు మీటర్ల అవతల సోఫాలో ఉంటారు. పిల్లలు టీవీ ముందు చాప మీద, స్పీకర్‌కి మీటరు దూరంలో బోర్లా పడుకుని చూస్తారు. అక్కడ శబ్దం ఆరేడు డెసిబెళ్లు ఎక్కువ. సోఫాలో 95గా ఉన్న ఫైట్ చాప దగ్గర 101. పిల్లల కోటా ప్రకారం ఆ స్థాయిలో వారం మొత్తానికి ఉన్నది ఆరు నిమిషాలు.